సీతాలు ఇంటాయన

గుల్లపేటకు పూర్వీకులే లేరని యంత్రం తేల్చి చెప్పింది. అరవై ఒక్క ఇళ్లు, మూడు వందల పైచిలుకు మనుషులు, ఇసకలో బోర్లించిన తెప్పలు, ఆరేసిన వలలు, గంగమ్మ గుడి, ఇవన్నీ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో దానికి తెలియదట. ఆ మాట కాగితం మీద అచ్చయి, కింద సువర్చల సంతకంతో బయటికి వెళ్లింది. సంతకం పెట్టేటప్పుడు ఆవిడ టీ తాగుతూ ఫోనులో వాళ్ల వదినతో చీరల సంగతి మాట్లాడుతోంది. ఆ రోజు తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ సిగ్గే.

యంత్రం ఆవిడదే. విశాఖపట్నంలో మూలవాసుల నిర్ధారణ మండలి వారి ప్రయోగశాలలో పదకొండేళ్లు కూర్చుని కట్టింది. ఛాయ అని పేరు పెట్టుకుంది. జనం మాత్రం తాతల మిషను అంటారు. పాత జనాభా లెక్కల కాగితాలు కూడికలు అయిపోగానే తగలబెట్టేసేవారు గానీ, ఉత్తరపు తీరాన ఉన్న తాలూకాలవి ఏ గుమాస్తా బద్ధకం వల్లనో ఒక రికార్డు గదిలో మిగిలిపోయాయి. చెదలు కొంత తిన్నాయి, తుపాను నీళ్లు కొంత తాగాయి. మిగిలిన కాగితాల మీద అక్షరం కంటికి ఆనదు. ఛాయకి అదేం అడ్డు కాదు. కాగితాన్ని పళ్లెంలో పరిచి, పక్కనుంచి పలచటి వెలుతురు ఏటవాలుగా పంపితే, వందేళ్ల కిందట పెన్సిలు ఎక్కడెక్కడ ఎంత బలంగా నొక్కిందో ఆ గుంటలన్నీ దానికి కనిపిస్తాయి. చెరిపేసిన మాట కూడా దొరుకుతుంది. ఆ రాత చదివి, 1921లో ఫలానా ఇంట్లో ఉన్న తండ్రిని 1931లో అదే ఇంట్లో వెతికి పట్టుకుని, కొడుకుల వెంట, మనవల వెంట నడుచుకుంటూ ఇవాళ్టి మనిషి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది.

మొదటిసారి ఒక గొర్రెల కాపరికి ముత్తాత పేరు తెర మీద చూపించినప్పుడు ఆ ముసలాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని అలా నిలబడిపోయాడు. సువర్చలకి కళ్లు చెమర్చాయి. నా జన్మ ధన్యమైందని ఇంటికొచ్చి అత్తగారితో చెప్పింది కూడా.

ఆ తరవాతే పెద్దలకి తెలివి వచ్చింది. ఆ తీరంలో ఓడరేవు కట్టాలి, ఊళ్లు లేపాలి. లేపిన ప్రతి ఊరికీ వేరే చోట ఊరు ఇవ్వాలని చట్టం. అయితే ఊరంటే ఏది? పూర్వీకులు రెండు లెక్కల్లోనూ ఒకే కుటుంబంగా కనిపించినవాళ్లదే ఊరు. కనిపించనివాళ్లు ఆక్రమణదారులు, నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలి. తాతని వెతికి పెట్టడానికి పుట్టిన యంత్రాన్ని మనవల్ని తరమడానికి వాడుకున్నారు. రెండు వందల పన్నెండు ఊళ్లు దాని ముందు నిలబడి బయటపడ్డాయి. గుల్లపేట ఒక్కటే మిగిలిపోయింది.

అది చాలదన్నట్టు, ఆ ఊరి 1931 కాగితం అంచున పర్యవేక్షకుడెవరో రాసి, మళ్లీ తనే రబ్బరు పెట్టి చెరిపేసుకున్న ఒక మాటను ఛాయ తవ్వి తీసింది. "ఈ పేట జనము వావివరసలు లేనివారు. వీరి లెక్క నమ్మరాదు." వందేళ్లుగా ఏ కంటికీ కనపడని ఆ మాటని మండలి విచారణాధికారి త్రివిక్రమరావు గారు గుల్లపేట వెళ్లి, పిల్లాపాపా అందరి ముందూ మైకులో చదివి వచ్చారు. పైగా ఆయన రికార్డు పూర్తిగా చదవడం తన బాధ్యత అనుకున్నారు.

అది జరిగిన మూడో రోజు మధ్యాహ్నం కింద గేటు దగ్గర్నుంచి సువర్చలకి ఫోను వచ్చింది.

"మేడమ్, ఎవరో ఇద్దరు ముసలమ్మలండీ. పాసుల పెట్టెతో దెబ్బలాడుతున్నారు. మీకోసమేనట."

సువర్చల దిగి వెళ్లింది. లోపలికి వచ్చేవాళ్ల పేర్లు గొంతు విని రాసుకుని పాసు ముద్రించి ఇచ్చే పెట్టె ఒకటి గేటు గదిలో ఉంది. దాని ముందు నడుం మీద చెయ్యి వేసుకుని ఒక పొడవాటి ముసలమ్మ, ఆవిడ భుజం పక్కనే పొట్టిగా ఇంకొకావిడ. ఇద్దరి చేతుల్లోనూ చెప్పులున్నాయి, నేల మరీ నున్నగా ఉందని విప్పేసినట్టున్నారు.

"మీ భర్త పేరు చెప్పండి," అంటోంది పెట్టె నాలుగోసారి.

పొడుగావిడ మొహం పక్కకి తిప్పుకుంది. పొట్టావిడ పెట్టె మీదికి వంగి, "దానయ్య! దానయ్యంటే ఇనపడదేటి?" అంది. పెట్టె చిన్నగా మోగింది. తరవాత పొట్టావిడ వంతు వచ్చింది. ఈసారి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పొడుగావిడ "రాజులు" అంది. రెండు పాసులు బయటికి వచ్చాయి. ఇద్దరూ మెళ్లో వేసుకున్నారు.

పొడుగావిడ పేరు పోలమ్మ, రెండో ఆవిడ అప్పలకొండ. గుల్లపేట నుంచి పొద్దున్న బయల్దేరి మూడు బస్సులు మారి వచ్చారు.

"మా ఊరికి తాతల్నేరని రాసింది నువ్వేనేటి తల్లీ?" అంది పోలమ్మ.

"నేను రాయలేదండీ, యంత్రం..."

"యంత్రానికి సంతకం ఎట్టడం వొచ్చేటి?"

పోలమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది.

"సూడు తల్లీ, ఇల్లు పోతాదంటే ఏడిసినాం. అదొక ఏడుపు. కానీ ఆ పెద్దబాబు మైకులో ఏటి సదివినాడు? వావీవరసా నేనోళ్లంట మావు! మా పెనిమిటికి మామ్మ సీతాలు. నాను కాపరానికొచ్చిన్నాటికి బతికే ఉన్నాది, నా సేత్తో అన్నం ఎట్టినాను. ఆయమ్మ మొగుడు ఎర్రయ్య బర్మా దేశం, రంగం ఎలిపోనాడు, కూలికి. మా పేటలో మగోళ్లందరూ ఒకే ఓడలో రంగం పోనారు. పదకొండేళ్లకి తిరిగొచ్చినాడు. ఆ పదకొండేళ్లూ పక్కింటి గుమ్మం కాడ కూడా ఒంటరిగా నిలబడలేదంట ఆయమ్మ. ఆ మనిసినా ఈ మాట అంటారు? కాళ్లు ఇరగ్గొట్టీనా ఏటి?"

కాళ్లు ఎవరివో చెప్పలేదు గానీ సువర్చల ఒక అడుగు వెనక్కి వేసింది. ఇద్దర్నీ పైకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. తెర మీద గుల్లపేట కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"ఇది 1921. ఏడో ఇల్లు చూడండి. ఎర్రయ్య, భార్య సీతాలు. ఇది 1931. ఏడో ఇల్లే. కామయ్య, భార్య సీతాలు. ఎనిమిదో ఇంట్లో ఎర్రయ్య, భార్య గున్నమ్మ అని ఉంది. ఇలా ఒకటి కాదు, ముప్పై నాలుగు ఇళ్లలోనూ మొగుళ్లు మారిపోయారు. అందుకే ఆనాటి పర్యవేక్షకుడు అలా రాశాడు. అందుకే యంత్రం కూడా కుదరదు పొమ్మంది."

"గున్నమ్మ మా అత్తకి అత్త," అంది అప్పలకొండ నెమ్మదిగా. "కామయ్య ఆయమ్మ మొగుడే. సీతాలు మొగుడెలా అవుతాడు?"

"మరి కాగితంలో అలా ఎందుకుందో మీరే చెప్పాలి."

ఇద్దరూ చెప్పులు చేతిలోకి తీసుకున్నారు. లేచి బయల్దేరారు. పోలమ్మ మాత్రం గుమ్మంలో ఆగి, మెళ్లో పాసు ఎత్తి చూపించింది.

"ఇందులో ఏటి రాసినాదమ్మా మీ పెట్టె? మాకు కళ్లు ఆనవు."

సువర్చల వంగి చదివింది. "దుమ్ము పోలమ్మ, భర్త రాజులు." రెండోది తిప్పి చదివింది. "సూరాడ అప్పలకొండ, భర్త దానయ్య."

ఒక్క క్షణం ఇద్దరు ముసలమ్మలూ మొహమొహాలు చూసుకున్నారు. తరవాత అప్పలకొండ గోడ పట్టుకుని మరీ నవ్వింది.

"ఓలమ్మో! నా మొగుణ్ణి నీకిచ్చీసినాదే పోలమ్మా! సచ్చి సొరగాన ఉన్నోణ్ణి కూడా ఒగ్గలేదే!"

సువర్చలకీ నవ్వు వచ్చింది. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది.

"మీరు ఆయన పేరు చెప్పరా, పోలమ్మ గారూ?"

"పెనిమిటి పేరు నోటితో ఎలా సెప్తాం తల్లీ? ఆయన పేరు ఇది సెప్తాది, దాని మొగుడి పేరు నాను సెప్తాను. రేసను కాడైనా అంతే, ఆస్పత్రి కాడైనా అంతే. పక్కింటోళ్లున్నది ఎందుకూ?"

సువర్చల పరుగులాంటి నడకతో తెర దగ్గరికి వెళ్లింది. ఏడూ ఎనిమిదీ తారుమారు. తొమ్మిదీ పదీ తారుమారు. పదకొండూ పన్నెండూ. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా పదిహేడు జతలు, ఒక్కటి తప్పలేదు. వందేళ్ల కిందట ఆ ఇసకలో ఏం జరిగిందో ఆవిడకి కళ్లకు కట్టింది. మగవాళ్లు రంగంలో ఉన్నారు. గుమ్మాల్లో ఆడవాళ్లే ఉన్నారు. లెక్కలవాడు తల ఎత్తకుండా పలక మీద కాగితం పెట్టుకుని అడుగుతున్నాడు. సీతాలు మొహం తిప్పుకుంది, గున్నమ్మ చెప్పింది. గున్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, సీతాలు చెప్పింది. పేరు ఎవరి గొంతులోంచి వస్తే వాళ్ల మొగుడేనని ఆ మహానుభావుడు రాసుకుపోయాడు. మొగుడి పేరు పలకడం కూడా తప్పనుకున్న ఆడవాళ్లకి వావివరసలు లేవని పైవాడు తీర్పు ఇచ్చాడు. ఒక్కడంటే ఒక్కడు ఆగి, అమ్మా ఇది నీ ఇంటాయన పేరేనా అని అడిగి ఉంటే సరిపోయేది.

"ఏటి తల్లీ, అలా అయిపోనావు?" అంది పోలమ్మ.

సువర్చల చెప్పింది. పోలమ్మ వింటూ వింటూ కుర్చీలో కూలబడింది. అంతసేపూ గట్టిగా మాట్లాడిన మనిషి అప్పుడు ఏడ్చింది.

ఆదివారం భోజనాల వేళ సువర్చల ఇంటికి మామగారి స్నేహితుడు వచ్చాడు. మామగారు రామభద్రయ్య గారికి ఎవరు వచ్చినా హాల్లో గోడ మీద పటం చూపిస్తే గానీ తోచదు. ఛాయ వెలికి తీసిన ఏడు తరాల వంశవృక్షం అది, బంగారు రంగు చట్రం కట్టించారు.

"అంతా మా కోడలి చలవ. వీరు సోమయాజులు, వారి అబ్బాయి పేరయ్య, వారి అబ్బాయి..."

మామిడికాయ పప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డ సువర్చల ఆ పటం వైపు చూసింది. రోజూ చూసే పటమే. సోమయాజులికి పేరయ్య పుట్టాడు, పేరయ్యకి నరసింహం పుట్టాడు. ఏడు తరాలుగా ఆ ఇంట్లో మగవాళ్లే మగవాళ్లని కనేశారు కాబోలు.

"అత్తయ్యా, ఇందులో మీ పేరు లేదేమిటి?" అంది.

"నీ మిషనే కదమ్మా వేసింది, నన్నడుగుతావేం?" అంది అత్తగారు, విస్తట్లో నెయ్యి వేస్తూ. ఆవిడ మామూలుగానే అంది.

సువర్చల చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది. నిజమే, ఆ మిషను తనదే. తండ్రి పేరు పట్టుకుని వెతకమని దానికి మొదటి రోజున చెప్పింది తనే. అందరూ అలాగే వెతుకుతారు కదా అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు. ఆడదై పుట్టి, పదకొండేళ్లు కష్టపడి, చివరికి తన చేత్తో చేసిన పని ఇది. ఆవిడకి లెక్కలవాడి మీద ఉన్న కోపమంతా అప్పుడు తన మీదికి తిరిగింది. అన్నం తినకుండానే ఆటో ఎక్కింది.

ప్రయోగశాలలో ఎవరూ లేరు. సువర్చల ఛాయకి ఒకే ఒక్క సూత్రం మార్చింది. తండ్రిని వదిలెయ్, తల్లిని పట్టుకో. 1921 కాగితం, 1931 కాగితం మళ్లీ పళ్లెంలోకి వెళ్లాయి. ఏడో ఇంట్లో సీతాలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఎనిమిదో ఇంట్లో గున్నమ్మ ఎక్కడికీ కదల్లేదు. పిల్లల పేర్లు, వయసులు పదేళ్లు పెరిగి అలాగే ఉన్నాయి. ముప్పై నాలుగు ఇళ్లకి ముప్పై నాలుగూ కలిశాయి. అక్కణ్ణుంచి గీతలు ఇవాళ్టి అరవై ఒక్క గుమ్మాల దాకా తిన్నగా వచ్చి ఆగాయి. యంత్రానికి పట్టింది ఆరు నిమిషాలు.

మర్నాడు త్రివిక్రమరావు గారు అంతా విన్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు.

"బావుందండీ సువర్చల గారూ. మంచి వ్యాసం రాసుకోండి. కానీ నియమావళిలో పితృక్రమం అనే ఉంది. దాన్ని ఇప్పుడు మారిస్తే మిగతా రెండు వందల పన్నెండు ఊళ్ల ఫలితాలూ తిరగతోడాలి. ఓడరేవు పని ఆగుతుంది. ఒక్క పేట కోసం అంత రాద్ధాంతం ఎందుకు?"

"తప్పు రాశామని తెలిసింది కద సర్."

"మనం రాయలేదు. వందేళ్ల కిందట ఎవరో రాశారు."

"చెరిపేసుకున్నాడు సర్ ఆయన! రాసినవాడికే సిగ్గేసి చెరిపేసుకున్న మాటని మనం తవ్వి తీసి, వాళ్ల ఊరెళ్లి మైకులో చదివాం. ఆ పాటి సిగ్గు కూడా మనకి లేదా?"

ఆయన మొహం ఎర్రబడింది. "శుక్రవారం గుల్లపేటలో ఆఖరి విచారణ. మీ ధ్రువీకరణతోనే ఖాళీ ఉత్తర్వు ఇస్తాను. వస్తే రండి, లేకపోతే లేదు."

"వస్తాను. ఆ ధ్రువీకరణ వెనక్కి తీసుకోవడానికి వస్తాను."

"అయితే శనివారం నుంచి మీరు ఈ గడప తొక్కనక్కర్లేదు."

గుల్లపేట తుపాను రక్షణ భవనంలో శుక్రవారం ఊరంతా కూర్చుంది. అసలు రికార్డు జనానికి చూపించాలన్నది రూలు కాబట్టి, 1931 నాటి పుస్తకం అద్దాల పెట్టెలో తెచ్చి, బయటికి తీసి బల్ల మీద పరిచారు. పక్కనే గేటు దగ్గరి పెట్టెలాంటిదే ఇంకోటి వాంగ్మూలాలు రాసుకోవడానికి పెట్టారు, ఊరందరి పేర్లూ గొంతులూ పొద్దున్నే దానికి ఎక్కించారు. సువర్చల లేచి తన సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పి, ఎందుకో కూడా అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

త్రివిక్రమరావు గారు నవ్వారు. "మొగుడి పేరు చెప్పకపోవడం, పక్కావిడ చెప్పడం! అవన్నీ మా మామ్మల కాలం నాటి ముచ్చట్లండీ. ఈ రోజుల్లో ఈ కథ ఎవరు నమ్ముతారు?" అని ముందు వరసలో ఉన్న పోలమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, నీ భర్త పేరేమిటి?"

పోలమ్మ లేచి నిలబడింది. మొహం పక్కకి తిప్పుకుంది.

"దానయ్య బాబూ," అంది అప్పలకొండ వెనక నుంచి.

బల్ల మీద పెట్టె చిన్నగా మోగింది. వెనకాల పెద్ద తెర మీద అక్షరాలు పడ్డాయి. సూరాడ అప్పలకొండ, భర్త దానయ్య.

చదువు వచ్చిన ఒక పిల్ల తెర మీది మాటలు పైకి చదివింది. అది విని ముందు ఆడవాళ్లు గొల్లుమన్నారు, తరవాత మగవాళ్లు. త్రివిక్రమరావు గారు తెర వైపు చూసి, పెట్టె వైపు చూసి, చేతిలో ఉత్తర్వు కాగితం వైపు చూసుకున్నారు. ఆయన నవ్వలేదు.

"సూసినావా బాబూ," అంది పోలమ్మ. "వొందేళ్ల నాడు మనిసి రాసినాడు, ఇప్పుడు నీ ముందరే నీ మిషను రాసీసింది. మరిప్పుడు నాకు వావీవరసా నేదని మైకులో సదువుతావేటి? సదువు!"

ఆయన చదవలేదు. ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకుంటూ, గుల్లపేట సంగతి తల్లుల పేర్లతో మళ్లీ పరిశీలిస్తామనీ, అంతవరకూ ఎవరూ ఇళ్లు ఖాళీ చెయ్యనక్కర్లేదనీ గొణిగారు. అందరి ముందూ అన్నమాట కాబట్టి అది కూడా పెట్టె రాసుకుంది.

పోలమ్మ కూర్చోలేదు. "ఇల్లు సంగతి తరవాత. ముందు మా మామ్మ మీద రాసిన మాట కొట్టీయండి."

"ప్రాచీన రికార్డమ్మా అది. దిద్దకూడదు. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు," అన్నారు త్రివిక్రమరావు గారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకి రూలు బాగా గుర్తుంది.

సువర్చల లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. రేపటి నుంచి ఆవిడకి ఉద్యోగం లేదు. ఛాయ మీద ఆవిడ పేరు కూడా ఉండదు, ఇంకెవరి సంతకంతోనో ఇంకో ఊరికి తాతలున్నారో లేదో తేలుస్తుంది. పర్సులోంచి పెన్సిలు తీసింది.

"సువర్చల గారూ! ఏం చేస్తున్నారు మీరు?"

ఆవిడ వినిపించుకోలేదు. చెరిపేసిన ఆ మాట ఉన్న అంచు పక్కనే ఖాళీ చూసుకుని వంగింది. "ఇది అబద్ధం," అని రాసింది. "సీతాలు ఇంటాయన ఎర్రయ్య. గున్నమ్మ ఇంటాయన కామయ్య. వరస తప్పింది రాసినవాడే." కింద తన పేరు రాసింది, తారీఖు వేసింది. ప్రతి అక్షరం దగ్గరా పెన్సిలు విరుగుతుందేమో అన్నంత బలంగా నొక్కింది. పైకాగితం చెదలు తిన్నా, ఎవరైనా రబ్బరు పెట్టి రుద్దినా, ఆ ఒత్తిడి కిందికాగితం మీదికి, దాని కిందిదాని మీదికి దిగాలని.

పోలమ్మ పక్కకి వచ్చి నిలబడింది. కళ్లు ఆనకపోయినా కాగితం మీద వేలు పెట్టి మెల్లగా తడిమి చూసింది. గుంటలు తగిలాయి.

"బాగా దిగినాది," అంది.